“ఎంక్వైరీకి తెచ్చాం” అని స్టేషన్‌లో ఉంచితే లాయర్‌ను కలవనివ్వాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ తమ్ముడు బెంగళూరు మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటాడు. స్నేహితుడు అడిగితే తన బ్యాంక్ అకౌంట్ వాడుకోవడానికి ఇచ్చాడు, అందులో సైబర్ మోసం డబ్బు పడింది. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు మఫ్టీలో ఇద్దరు వచ్చి “ఎంక్వైరీ” అని బండెక్కించుకుపోయారు. ఫోన్ స్విచాఫ్. స్టేషన్‌కు ఫోన్ చేస్తే “అరెస్టేమీ లేదు, లాయర్ ఎందుకు, పొద్దున్నే పంపిస్తాం” అన్నారు. మీరు కడప నుంచి బస్సులో వస్తూ ఇది రాశారు. లాయర్‌ను కలిసే హక్కు ఎప్పుడు మొదలవుతుంది, ప్రశ్నలు వేసేటప్పుడు లాయర్ పక్కన కూర్చోవచ్చా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

సూటిగా చెప్తాను. కలిసే హక్కు ఉంది, ఇప్పటికే మొదలైంది. విచారణ జరిగినంతసేపూ లాయర్ పక్కన కూర్చునే హక్కు మాత్రం లేదు. మీ తమ్ముడు తనంతట తాను లేచి, చెప్పులేసుకుని, గేటు దాటి రాలేని స్థితిలో ఉన్నాడంటే వాళ్లు దానికి ఏ పేరు పెట్టుకున్నా అది నిర్బంధమే. పొద్దున దాకా ఆగకండి. మీరు దారిలో ఉండగానే బెంగళూరులో ఉన్న ఒక లాయర్‌ను స్టేషన్‌కు పంపండి.

నేను బెంగళూరులో పందొమ్మిదేళ్లుగా క్రిమినల్ వైపు ప్రాక్టీస్ చేస్తున్నాను. మాది హిందూపురం వైపు కాబట్టి సీమ నుంచి ఇలాంటి ఫోన్లు ఎక్కువగా నాకే వస్తాయి, అదీ రాత్రి పదకొండు దాటాకే.

ముందు చట్టం రెండు ముక్కల్లో. అరెస్టయిన మనిషికి తనకు నచ్చిన లాయర్‌ను సంప్రదించే హక్కు కాదనకూడదని రాజ్యాంగం 22(1) అధికరణంలోనే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 38వ సెక్షన్, అంటే పాత సీఆర్‌పీసీ 41డి, ఇంకాస్త విడమరిచి చెప్పింది: పోలీసులు విచారిస్తున్న సమయంలో తనకు నచ్చిన లాయర్‌ను కలవొచ్చు, కానీ విచారణ సాగినంతసేపూ కాదు. ఈ “కలవొచ్చు కానీ సాంతం కాదు” అనే మాట డి.కె.బసు కేసు నుంచి వచ్చింది. ఆయన పశ్చిమ బెంగాల్‌లో లీగల్ ఎయిడ్ పని చూసేవారు. లాకప్ చావుల మీద పేపర్లలో వచ్చిన వార్తలు జోడించి 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది, పదేళ్లకు, 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. అరెస్ట్ మెమో, దాని మీద సాక్షి సంతకం, బంధువుకు కబురు, ఇవన్నీ అప్పటి నుంచే స్టేషన్లలోకి వచ్చాయి.

అంతకు ముందే, 1978లో, ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతి కేసులో కోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబివ్వకుండా ఊరుకునే హక్కు కోర్టు బోనులో మొదలు కాదు, పోలీస్ స్టేషన్‌లోనే మొదలవుతుంది అని. మీ తమ్ముడికి ఇది తెలిసి ఉండదు. తెలియజేయడానికే లాయర్ వెళ్లాలి.

ఇప్పుడు అసలు చిక్కు. నా అనుభవంలో “లాయర్‌ను కలవనివ్వం” అని ఎవరూ ముఖం మీద చెప్పరు. “సాహేబ్రు రౌండ్స్‌గె హోగిదారె” అంటారు, సారు రౌండ్స్‌కు వెళ్లారు అని. లేదా “ఇక్కడ అలాంటి పేరుగల వాళ్లెవరూ లేరు” అంటారు. లేదా మీకు చెప్పినట్టు, అరెస్టే లేదు కదా, లాయర్ దేనికి అంటారు. ఈ మూడోదే ప్రమాదం. కాగితం మీద అరెస్ట్ రాసేదాకా 38వ సెక్షన్ లేదు, 24 గంటల లెక్క లేదు అన్నట్టు నడుస్తుంది వ్యవహారం. చట్టంలో “ఎంక్వైరీకి తెచ్చి రాత్రంతా ఉంచడం” అనే గది ఎక్కడా లేదు. అనుమానితుడైతే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇచ్చి రమ్మనాలి. సాక్షి అయితే 179 కింద రాతపూర్వకంగా పిలవాలి. అరెస్టయితే మెమో రాయాలి.

మీ తమ్ముడి కేసులో ఇది మరీ ముఖ్యం. మోసం సెక్షన్, కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్‌లో 318(4), గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న కేసుల్లో అరెస్ట్ ఎందుకు అవసరమైందో పోలీసులు కారణాలు రాసి తీరాలని 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు చెప్పింది. నోటీసు ఇచ్చారా అని అడగండి. “వాట్సాప్‌లో పంపాం” అంటే అది చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది.

ఇప్పటికిప్పుడు మీరు చేయాల్సిన పని ఒక్కటే అనుకుంటే, అది ఈమెయిల్. వెయిట్ చేయడం, బతిమాలడం, ఎవరో ఎమ్మెల్యే పీఏకు ఫోన్ చేయించడం అన్నీ దాని తర్వాతే. స్టేషన్ మెయిల్‌కు, ఆ డివిజన్ డీసీపీకి, సిటీ కమిషనర్‌కు కలిపి ఒకే మెయిల్. భాష గురించి టెన్షన్ పడకండి, ఇంగ్లీషు తప్పుల్తో ఉన్నా ఫర్వాలేదు. విషయం మాత్రం ఇలా ఉండాలి: నా తమ్ముడు ఫలానా, వయసు ఇంత, ఫలానా తేదీ రాత్రి 9.30కి ఫలానా పీజీ నుంచి మీ సిబ్బంది తీసుకెళ్లారు. ఏ కేసో చెప్పలేదు. అరెస్ట్ చేసి ఉంటే కారణాలు రాతలో ఇవ్వండి. మా లాయర్ ఫలానా వారు కలవడానికి స్టేషన్ దగ్గరే ఉన్నారు, అనుమతించండి. అంతే. కోపం, శాపనార్థాలు, “హైకోర్టుకు ఈడుస్తాం” లాంటివి వద్దు. తర్వాత 112కు కూడా ఒక కాల్ చేయండి, ఆ కాల్ టైమ్ కూడా రికార్డవుతుంది.

నేను కొత్తగా ప్రాక్టీస్‌లోకి వచ్చిన రోజుల్లో దీనికి టెలిగ్రామ్ ఇచ్చేవాళ్లం. మా సీనియర్ గారు కమిషనర్‌కు టెలిగ్రామ్ కొట్టించి, ఆ రసీదును పర్సులో నోట్ల మధ్య పెట్టుకునేవారు. దాని మీద టైమ్ ముద్ర ఉంటుంది కదా. 2013లో టెలిగ్రామ్ సర్వీసు ఆగిపోయిననాడు బెంగళూరు క్రిమినల్ లాయర్లలో కొందరైనా నిజంగానే బాధపడి ఉంటారు.

మెయిల్ ఎందుకంత ముఖ్యమో ఒక కేసు చెప్తాను. మదనపల్లె అబ్బాయి, డెలివరీ పని. ఒక స్టేషన్ వాళ్లు, పేరు అనవసరం, శుక్రవారం రాత్రి తీసుకెళ్లి ఆదివారం సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు పెట్టారు. మెమోలో అరెస్ట్ టైమ్ ఆదివారం మధ్యాహ్నం రెండున్నర అని రాశారు. కాగితం ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. కానీ వాళ్ల అక్క శుక్రవారం రాత్రి 11.40కి మూడు లైన్ల మెయిల్ పంపి ఉంది. పీజీ సీసీటీవీ క్లిప్ కూడా తీయించింది. శుక్రవారం రాత్రే ఇతను మీ దగ్గర ఉన్నాడని పేరు, టైమ్‌తో సహా ఫిర్యాదు వస్తే రెండు రోజులు ఎవరూ జవాబు ఎందుకివ్వలేదు అని మేజిస్ట్రేట్ అడిగారు. ఆ ఇన్‌స్పెక్టర్ దగ్గర సమాధానం లేకపోయింది. పోలీస్ కస్టడీ అడిగారు, ఇవ్వలేదు. బెయిల్ నాలుగో రోజు వచ్చింది. 24 గంటలు లెక్కపెట్టాల్సింది మెమోలో రాసిన టైమ్ నుంచి కాదు, మనిషిని అదుపులోకి తీసుకున్న టైమ్ నుంచి అని తెలంగాణ హైకోర్టు కూడా 2024లో చెప్పింది. ఆ లెక్కన ప్రయాణ సమయం తీసేస్తే మీ తమ్ముడి గడువు ఈ రాత్రి తొమ్మిదిన్నర.

అందుకే మీ పీజీ ఓనర్‌కు ఇప్పుడే ఫోన్ చేసి గేటు కెమెరా రికార్డింగ్ దాచమనండి. చాలా పీజీల్లో వారం పది రోజులకే పాతది చెరిగిపోతుంది. స్టేషన్లో కూడా కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది తెప్పించడం తర్వాతి పని, మీ లాయర్ చూసుకుంటారు.

ఇంకో మాట. మీరు ఫోన్ చేసిన స్టేషన్‌లోనే మీ తమ్ముడు ఉన్నాడని గ్యారంటీ లేదు. సైబర్, ఆర్థిక, మత్తు పదార్థాల కేసులకు బెంగళూరులో సీఈఎన్ అని విడిగా స్టేషన్లున్నాయి. అక్కడా కనుక్కోండి. అరెస్టయిన వాళ్ల పేర్లు, చిరునామాలు, ఏ నేరమో ప్రతి స్టేషన్‌లో, జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో అందరికీ కనబడేలా పెట్టాలని బీఎన్‌ఎస్‌ఎస్ 37వ సెక్షన్ అంటుంది. ఎక్కడా దొరక్కపోతే, రేపటికీ జాడ లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్ వేయాలి. ఆ మాట లాయర్ నోట వినబడగానే మనిషి దొరికిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి.

ఇక లాయర్ లోపలికి వెళ్లాక ఏం జరుగుతుంది? సినిమాల్లో చూపించినట్టు ఉండదు. మీ తమ్ముణ్ణి స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్ టేబుల్ పక్కన బెంచీ మీద కూర్చోబెడతారు. బెల్టు, షూ లేసులు, వాచీ తీసేసి ఉంటారు. మొలతాడు కూడా తెంపించి ఉంటారు, ఉరేసుకుంటారన్న భయంతో. ఓసారి ఒకావిడ కొడుకు అరెస్టయినందుకు కన్నా మొలతాడు తీసేశారని ఎక్కువ ఏడ్చింది. ఆమె బాధ నాకు అర్థమైంది, కానీ అందులో పోలీసుల దురుద్దేశం ఏమీ లేదు. కానిస్టేబుల్ నాలుగడుగుల దూరంలో నిల్చుంటాడు. అతను చూడొచ్చు, వినకూడదు. మాకు పది నిమిషాలు దొరికితే గొప్ప. నేను అడిగే వరస మారదు. తిన్నావా? కొట్టారా, ఎక్కడ? ఏ కాగితాల మీద సంతకం పెట్టావు? కేసు సంగతి ఆ తర్వాతే. అసలు కథంతా ఆ బెంచీ మీద చెప్పనివ్వను, గోడకు చెవులుంటాయి.

నా మొదటి ఏడాదిలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. స్టేషన్‌లోకి వెళ్లి, ఇన్‌స్పెక్టర్ ముందు సెక్షన్లు వల్లిస్తూ గొంతు పెంచాను. ఆయన నవ్వి, “లాయర్ సార్‌కు కాఫీ ఇవ్వండి” అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. మూడు గంటలు ఆ బెంచీ మీదే కూర్చున్నాను, క్లయింటును మాత్రం చూడలేదు. ఇప్పుడు వెళ్తే నమస్కారం పెట్టి, కలవడానికి అనుమతి కోరుతూ రాసిన కాగితం రెండు కాపీలు ఇస్తాను. ఒకదాని మీద టైమ్ వేసి సంతకం అడుగుతాను. కాదంటే అక్కడే నిలబడి అదే కాగితం ఫోటో తీసి డీసీపీకి మెయిల్ చేస్తాను. గొంతు పెంచకుండా, వాళ్లకు కనబడేలా.

కన్నడ కాగితాల సంగతి. తెలుగువాళ్లకు ఇదో ప్రత్యేక ఉచ్చు. కన్నడ లిపి మనదానిలాగే ఉంటుంది కదా, కూడబలుక్కుని చదివేస్తాం. చదవగలుగుతున్నాం కాబట్టి అర్థమైందనుకుంటాం. “స్వ ఇచ్ఛా హేళికె” అని పైన రాసి ఉన్న నాలుగు పేజీల కింద నంద్యాల పిల్లాడొకడు సంతకం పెట్టి వచ్చాడు. అడిగితే, “ఇష్టపూర్వకంగా సహకరిస్తున్నానని ఏదో రాసుకున్నారన్నా” అన్నాడు. అది నేరం ఒప్పుకుంటూ ఇచ్చిన వాంగ్మూలం. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్. కానీ ఆ మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. మీ కేసులో ఆ వస్తువు ఏటీఎం కార్డో, సిమ్మో, పాస్‌బుక్కో అవుతుంది. విచారణలో పోలీసులు రాసుకునే స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టాల్సిన పనే లేదని బీఎన్‌ఎస్‌ఎస్ 181 చెప్తుంది. అరెస్ట్ మెమో మీద పెట్టొచ్చు, దాని మీద తేదీ, టైమ్ సరిగ్గా ఉంటే. తప్పుగా ఉంటే పక్కనే తెలుగులో “నన్ను నిన్న రాత్రి 9.30కి తెచ్చారు” అని రాసి సంతకం పెట్టమనండి. తెలుగులో రాయకూడదని ఎక్కడా లేదు.

దీనికి ఈమధ్యే మంచి బలం వచ్చింది. అరెస్ట్ కారణాలు ఏ నేరంలోనైనా రాతపూర్వకంగా, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అప్పటికప్పుడు కుదరకపోతే కూడా రిమాండ్‌కు కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతకుముందు ఇది ఈడీ (మనీ లాండరింగ్) కేసులకు, ఉపా (ఉగ్రవాద నిరోధక చట్టం) కేసులకు అని విడివిడిగా వచ్చింది. ఇప్పుడు అన్నిటికీ. మీ తమ్ముడికి కన్నడం రాకపోతే, కన్నడంలో మాత్రమే కారణాలిచ్చి ఉంటే, ఆ మాట మొదటి రిమాండ్‌లోనే లేవనెత్తాలి.

ఆ మొదటి రిమాండ్ గురించి. పగలైతే కోర్టులో. రాత్రో ఆదివారమో అయితే మేజిస్ట్రేట్ ఇంటికే తీసుకెళ్తారు, చాలాసార్లు కోరమంగల వైపు క్వార్టర్స్‌కు. దానికి ముందు మెడికల్, ఎక్కువగా బౌరింగ్ ఆస్పత్రిలో. కుటుంబం వాళ్లు మనిషిని దగ్గర నుంచి చూడగలిగేది ఆ బౌరింగ్ వరండాలోనే, అక్కడ కాపు కాయండి. దెబ్బలుంటే డాక్టర్‌కు చెప్పమనండి, కుదరకపోతే మేజిస్ట్రేట్‌కు. “పోలీసులు ఇబ్బంది పెట్టారా?” అని అడుగుతారు. మన పిల్లలు పక్కనున్న కానిస్టేబుల్‌ను చూసి “లేదు సార్” అనేస్తారు. ఆ ఒక్క మాటను నెలల తర్వాత వెనక్కి తిప్పడం చాలా కష్టం. లాయర్ లేకపోతే, నీకు ఉచితంగా లాయర్‌ను పెట్టుకునే హక్కుందని చెప్పడం మేజిస్ట్రేట్ బాధ్యత. కసబ్ కేసులోనే, 2012లో, సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది.

డబ్బు లేదని ఆగొద్దు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా లీగల్ ఎయిడ్ దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేయండి. కర్ణాటక లీగల్ సర్వీసెస్ ఆఫీసు సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల భవనంలో ఉంది. ఉచిత లాయర్లంటే పనికిరానివాళ్లని ఒక చిన్నచూపు ఉంది. రిమాండ్ పని రోజూ చేసే వాళ్లు కొన్నిసార్లు మాకంటే చురుగ్గా ఉంటారు. స్టేషన్‌లో ఎవరైనా “మాకు తెలిసిన లాయరున్నాడు, అతన్ని పెట్టుకోండి, పనైపోతుంది” అంటే మాత్రం ఆ నంబరు తీసుకోకండి. “నచ్చిన లాయర్” అంటే మీ తమ్ముడికి నచ్చిన లాయర్, రైటర్‌కు నచ్చినవాడు కాదు.

ఈ లెక్కలు మారే చోట్లు కొన్నున్నాయి, క్లుప్తంగా చెప్తాను. వచ్చినవాళ్లు కర్ణాటక పోలీసులు కాకుండా హైదరాబాద్ నుంచో ఇంకో రాష్ట్రం నుంచో వచ్చిన వాళ్లయితే (అకౌంట్ కేసుల్లో ఇదే ఎక్కువ), తీసుకెళ్లే ముందు ఇక్కడి మేజిస్ట్రేట్ దగ్గర ట్రాన్సిట్ రిమాండ్, అంటే మనిషిని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే అనుమతి, తీసుకోవాలి. మీ లాయర్ కలవాల్సింది అక్కడే. బండి హోసూరు రోడ్డో బళ్లారి రోడ్డో ఎక్కిందంటే ఇక ఆ ఊళ్లో కొత్త లాయర్‌ను వెతుక్కోవాలి. కస్టమ్స్, ఈడీ లాంటి వాళ్లు సమన్ ఇచ్చి పిలిస్తే ఆ దశలో అతను నిందితుడు కాడు కాబట్టి లాయర్ పక్కన ఉండాలన్న హక్కు లేదని 1992 నుంచీ తీర్పులున్నాయి. అయితే కొన్ని కేసుల్లో లాయర్ కనబడేంత దూరంలో, వినబడనంత దూరంలో కూర్చోవడానికి కోర్టులు ఒప్పుకున్నాయి, అడగాలి. గూండా యాక్ట్ లాంటి ముందస్తు నిర్బంధంలో 22(1) హక్కే వర్తించదు, సలహా మండలి ముందు లాయర్ ఉండాలన్న హక్కూ లేదు. ప్రభుత్వం తరఫున లాయర్ వస్తే మాత్రం మనకూ ఇవ్వాలి, 1981 తీర్పు. మీది అలాంటి కేసు కాదు కాబట్టి దాని జోలికి పోను.

మీరు బస్సు దిగగానే తిన్నగా స్టేషన్‌కు కాకుండా, ముందు పీజీకి వెళ్లండి. తమ్ముడి ఆధార్ జిరాక్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆ స్నేహితుడితో ఉన్న మెసేజ్‌లు లాప్‌టాప్‌లో ఏమైనా ఉంటే చూసి లాయర్‌కు చెప్పండి. దేన్నీ డిలీట్ చేయొద్దు, ఎంత ఇబ్బందిగా కనిపించినా సరే. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో సహా తీసుకోండి. ఒక జత బట్టలు, తాడు లేని ప్యాంటు. లాయర్‌ను వకాలత్ ఫారాలు రెండు తెచ్చుకోమనండి, స్టేషన్‌లో సంతకం చేయించడం కుదరకపోతే రెండోది బౌరింగ్ దగ్గర పనికొస్తుంది. మెయిల్ పంపాక దాని టైమ్ ఎంతో ఇక్కడ రాయండి, ఆ తర్వాత ఏం చేయాలో అప్పుడు చెప్తాను.